అది దుర్భిణి కాదు, బెజ్జం

సంపాదకులకు,

అయ్యా,

విజయవాడలో పిల్లల ఎయిర్ రైఫిల్ శిక్షణపై మీ జిల్లా అనుబంధంలో వచ్చిన వార్తలో, తుపాకీ మీది గొట్టాన్ని ‘దుర్భిణి’ అని రాశారు. చిన్న పొరపాటేలే అని ఊరుకునేవాడినే గానీ, ఇలాంటి మాట నమ్మే మా అల్లుడు బెజవాడలోని ఒక దుకాణంలో మనవడికి టెలిస్కోప్ కొనిపెట్టాడు. తీరా పోటీకి వెళ్తే పరికరాల తనిఖీలోనే దాన్ని విప్పించారు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల్లో టెలిస్కోప్‌కు అనుమతి లేదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిందీ అది లేకుండానే.

అక్కడ ఉండేది వెనుక ఒక సన్నని బెజ్జం, ముందు చిన్న గొట్టంలో ఒక వలయం. బెజ్జంలోంచి చూస్తూ, టార్గెట్‌పై ఉన్న నల్లని బిళ్లను వలయం నడిమికి తెచ్చుకోవాలి. ఆ బిళ్ల వ్యాసం 30.5 మి.మీ.; పది పాయింట్ల చుక్క మాత్రం అర మి.మీ. మాత్రమే కనుక నిలబడిన చోటి నుంచి అది కంటికి ఆనదు, ఆననక్కరలేదు కూడా. నలుపు చుట్టూ తెలుపు అన్ని వైపులా సమానంగా ఉందా అన్నదే చూసుకోవాలి.

దగ్గరి వస్తువునూ దూరపు వస్తువునూ కన్ను ఒకేసారి స్పష్టంగా చూడలేదు. పక్కల నుంచి వచ్చే కిరణాలను సన్నని బెజ్జం ఆపేస్తుంది కనుక ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. కళ్లజోడు మరిచిన రోజున నేను పాత శుభలేఖకు గుండుసూదితో బెజ్జం పెట్టి, ఎండలో నిలబడి మీ పత్రికే చదువుతుంటాను. అలికినట్టున్న అక్షరం తేటపడుతుంది.

పిస్టల్‌కు ఆ బెజ్జమూ ఉండదు. వెనుక గాడి, ముందు మొన, అంతే. 2024లో పారిస్‌లో మను భాకర్ కాంస్యాలు తెచ్చింది వాటితోనే. ఐదు దశాబ్దాల కిందట గుంటూరులో ఎన్‌సీసీ ఫైరింగ్‌కు వెళ్లినప్పుడు ‘ఫోర్‌సైట్ టిప్ (ముందు మొన) చూడు, టార్గెట్‌ను కాదు’ అని మా హవల్దార్ గొంతు చించుకునేవారు. నేను టార్గెట్‌నే చూసి తూటాలన్నీ మట్టికట్టలో దించాను.

మన జాతీయ పోటీల్లో ‘ఓపెన్ సైట్’ (గాడి, మొన), ‘పీప్ సైట్’ (బెజ్జం) అని విభాగాలే ఉన్నాయి. తల్లిదండ్రులు డబ్బు పోసేముందు ఆ తేడా తెలుసుకునేలా మీరు ఆ పేర్లనే వాడవలసిందిగా కోరుతున్నాను. ఆ టెలిస్కోప్‌ను దుకాణదారు వెనక్కి తీసుకోలేదు. మా మనవడు దానితో డాబా మీద కొంగలను చూస్తున్నాడు.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు