మా సైకాలజిస్ట్ మేడమ్‌కి, మా వదినకి ధన్యవాదాలు

పేరు రాయొద్దని మేడమ్ అన్నారు కాబట్టి రాయడం లేదు. విశాఖలోనే ప్రాక్టీస్ చేసే క్లినికల్ సైకాలజిస్ట్. ఇది చదివితే ఎవరి గురించో ఆవిడకి తెలిసిపోతుంది, అది చాలు.

నేను పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో పని చేస్తాను. ఓడకి బెర్త్ దొరకకపోయినా, కస్టమ్స్ కాగితం ఆగినా, అర్ధరాత్రి అయినా సరే ఫోన్ నాకే వస్తుంది. కొన్నాళ్లకి ఫోన్ మోగకముందే గుండె దడ మొదలయ్యేది. చేతులు తిమ్మిరెక్కేవి, ఛాతీ పట్టేసినట్టుండేది. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ పరీక్షలు చేశారు, అన్నీ నార్మల్. ఒకాయన గ్యాస్ ట్రబుల్ అన్నారు. ఇంకొకాయన టెన్షన్ తగ్గించుకోమన్నారు. అదెలాగో మాత్రం చెప్పలేదు.

మన ఊళ్లో మనసు బాగోలేదంటే చాలు, చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తి నవ్వేస్తారు. మా వదిన నవ్వలేదు. అపాయింట్‌మెంట్ తీసుకుని, "గురువారం సాయంత్రం, నేనూ వస్తాను" అంది.

మేడమ్ మందులు రాయరు. అది సైకియాట్రిస్టుల పని, అవసరమనిపిస్తే అక్కడికి పంపుతానని మొదటి రోజే చెప్పారు. తను చేసేది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అట. భయపెట్టే ఆలోచనల్ని, అలవాట్లని పరీక్షించి చూసుకుని మార్చుకునే పద్ధతి. 1960ల్లో ఆరన్ బెక్ అనే అమెరికా డాక్టరు మొదలుపెట్టారు. ఆవిడ సలహాల మీద సలహాలు ఇస్తారు, నేను తలూపి వచ్చేస్తాను అనుకున్నాను. అలా జరగలేదు. కూర్చోగానే "ఇవాళ దేని గురించి మాట్లాడుకుందాం?" అని అడిగేవారు. లేచేముందు "ఇందులో మీకు పనికిరానిదేమైనా ఉందా?" అనేవారు. ఉందని చెప్తే నిజంగానే మార్చేవారు. రాత్రి పదింటికి ఫోన్ ఆపేసి చూడమన్నారోసారి. మా పనిలో అది కుదరదన్నాను. "సరే, ఎంతవరకు కుదురుతుంది?" అన్నారు. ఆదివారం సాయంత్రం మాత్రం ఫోన్లు ఆఫీసులో ఇంకొకరికి అప్పగించాలని ఇద్దరం కలిసి తేల్చాం. "ఏదో పెద్ద గొడవవుతుంది" అన్న నా భయాన్ని ముందే కాగితం మీద రాయించారు, ఎంత నమ్మకమో శాతంతో సహా. తొంభై అని రాశాను. ఆ సాయంత్రం ఫోన్లు వచ్చాయి, కుర్రాడు చూసుకున్నాడు, ఓడ దాని టైముకి అది వెళ్లింది.

అన్నిటికన్నా గుర్తుండిపోయేది మెట్ల సంగతి. దడ వస్తే గుండె ఆగిపోతుందని నా భయం. భయపడినప్పుడు గాలి గబగబా పీల్చేస్తాం, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి చేతులు తిమ్మిరెక్కుతాయి, తల తేలినట్టవుతుంది అని బొమ్మ గీసి చెప్పారు. తల ఒప్పుకుంది గానీ ఛాతీ ఒప్పుకోలేదు. గుండె బాగానే ఉందని డాక్టరు చెప్పిన కాగితాలు మరోసారి చూసి, "పదండి, మెట్లెక్కి కావాలనే దడ తెప్పిద్దాం" అన్నారు. ఆవిడా నాతోపాటు ఎక్కారు. పైకి వెళ్లేసరికి నాకన్నా ఆవిడే ఎక్కువ ఆయాసపడుతున్నారు! ఇద్దరం గోడకి ఆనుకుని నాడి పట్టుకుని చూసుకున్నాం. కాసేపటికి అదంతట అదే దిగింది. నీళ్లు తాగలేదు, కూర్చోలేదు, ఏమీ చేయలేదు.

మొన్న సింహాచలం మెట్ల దారిలో కొండెక్కాను. గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్ల సంగతి ఇంకా మాట్లాడుకోలేదు లెండి.

దడ పూర్తిగా పోయిందా అంటే పోలేదు. వస్తుంది, వెళ్తుంది. అది వచ్చిందని పని ఆపడం లేదు.

ఫీజు కట్టడం కష్టమైనా, ఎక్కడికెళ్లాలో తెలియకపోయినా టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కి చేయండి. ప్రభుత్వానిదే, ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు.

మేడమ్, మీకు నమస్కారాలు. వదినా, నీకూ. ఆదివారం ఫోన్లు ఇప్పటికీ చూస్తున్న మా ఆఫీసు తమ్ముడికి కూడా బోలెడు థాంక్స్. సంక్రాంతికి నువ్వు ఊరెళ్లు, నీ డ్యూటీ నేను చూసుకుంటాను.