రేపు నీ బదులు నేను పనికెళ్తే

ఒరేయ్ గడ్డం,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో, పడతాను. ఇంట్లో అందరూ కులాసా, అమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే, స్థలం గొడవ ఫోన్లో చెబుతా. అసలు సంగతికొస్తా.

సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) కార్మికుల్ని వాళ్ల పని గురించి అడగడానికి నువ్వు రాసి పంపిన 40 ప్రశ్నలూ చూశాను. పక్కన పడెయ్ రా బాబూ! "మీ పనిలో ఇబ్బందులేంటి?" అంటే "ఏముంటయ్ సార్, అలవాటైపాయె" అంటారు. హాస్టల్ సాంబారు గురించి వార్డెన్ అడిగితే మనమేం చెప్పాం?

ఇటలీలో 1973లో లోహపరిశ్రమ కార్మికులు చదువు కోసం జీతంతో 150 గంటలు సాధించుకున్నారు. టూరిన్‌లో ఇవార్ ఒద్దోనె అనే డాక్టరు ఆ గంటల్లోనే ఫియట్ కార్మికులతో కూర్చుని ఒకటే అడిగేవాడు: "రేపు నీ బదులు నేను పనికెళ్తాను. నేను నువ్వు కాదని ఎవరూ పసిగట్టకూడదు. ఏం చెయ్యాలో చెప్పు." చూశావా మెలిక! పని, తోటివాళ్లు, పైవాళ్లు, సంఘం, ఈ నాలుగిటితో ఎలా మెలగాలో చెప్పించాలి. నువ్వూ అదే అడుగు.

"పోగు తెగితే అతుకుడే" అంటాడు సాంచె నడిపేవాడు. అక్కడ ఆగకు. తెగిందని కంటికి తెలిసిందా, చప్పుడు మారిందా? ఏ చేత్తో ఆపాలి? ఈలోగా పక్క సాంచె ఎవరు చూస్తారు? ఆసామి (సాంచాల యజమాని) వస్తుంటే సైగ ఎవరిది? "జాగ్రత్తగా చెయ్యాలె" అన్నాడంటే పైవాళ్లు నేర్పిన మాట చెబుతున్నట్టే, "జాగ్రత్తంటే చెయ్యెక్కడ పెట్టను?" అను. నువ్వు తెలివి చూపించావో, మొత్తం చెడుతుంది. ఏమీ రాని కొత్తోడివి నువ్వు. (నీకు నటించక్కర్లేదులే.)

షెడ్డులో రికార్డు చెయ్యకు, నాడె (పోగును అటూ ఇటూ తీసుకెళ్లేది) చప్పుడు తప్ప ఏమీ మిగలదు, బయట చెయ్యి. ఎత్తిరాసింది మళ్లీ అతనికే చదివి వినిపించు. "నేను గట్లన్ననా? కాదు సార్..." అని మొదలెడతాడు చూడు, అసలు సరుకు అప్పుడొస్తుంది. తర్వాత అదే పని చేసే అయిదారుగురి ముందు పెట్టు. కాదన్నవి కొట్టెయ్యకు, పక్కన రాసుకో. పెద్ద కాగితం మీద మనిషి బొమ్మ గీసి, నొప్పి ఉన్నచోట ఎర్ర చుక్క పెట్టించు. చుక్కలన్నీ ఒకేచోట గుమిగూడితే ఆ నొప్పి మనిషిది కాదు, సాంచెది. పేర్లు మాత్రం ఎక్కడా రాయకు.

ఆఁ, ఇంకోటి. వార్పింగ్ వాళ్లని (నిలువు పోగులు వరసగా చుట్టేవాళ్లని) వేరే కూర్చోబెట్టు, వాళ్ల లెక్కే వేరు. నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టే ఆడవాళ్లనైతే మగాళ్లు లేనప్పుడు... అయ్యో, కొరియర్ కుర్రాడొచ్చేశాడు. మిగతాది మళ్లీ.

నీ
బుడంకాయ్