మన సంఘం వార్షిక నివేదిక 2025: హార్టు కొట్టినవాళ్ళు, కొన్నవాళ్ళు

ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసే మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి వెళ్ళాక సర్వసభ్య సమావేశం పెట్టుకోవడం మనకు ఆనవాయితీ. 2025 జనవరి నుంచి డిసెంబరు దాకా జరిగిన పనులు ఇందులో ఉన్నాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదివి వినిపిస్తారు. ఏటా చేసే పనుల గురించి రెండు ముక్కల్లో చెప్పి, ఈసారి మన శనివారాలన్నీ మింగేసిన పని దగ్గరికి వస్తాను.

కార్యవర్గం నెలనెలా కలిసింది. వానలు పడ్డాక మన బొమ్మల కర్రనిచ్చే అంకుడు మొక్కలు నాటాం. పొలం గట్ల మీదవి నిలబడ్డాయి, వరాహ నది ఒడ్డున నాటినవి చాలావరకు మేకల పాలయ్యాయి. ఇకమీదట కంచె లేకుండా మొక్క నాటేది లేదని తీర్మానం చేసుకున్నాం. పహచాన్ కార్డు (చేతివృత్తులవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) లేనివాళ్ళకు దరఖాస్తులు నింపి పెట్టాం. సెప్టెంబరు 22 నుంచి చెక్క బొమ్మల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది కాబట్టి ఆ వారం అందరం కూర్చుని రేట్లు మళ్ళీ కట్టుకున్నాం.

జనవరి 26న ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు వెళ్ళడం మీరంతా టీవీలో చూసినదే. మూడో బహుమతి వచ్చిన సంగతీ తెలుసు. నేను చెప్పదలచింది ఆ తర్వాతి వారం గురించి. మన సభ్యుల ఆన్‌లైన్ షాపుల్లో హార్టులు, అంటే వస్తువు నచ్చిందని చూసినవాళ్ళు నొక్కే గుండె గుర్తులు, ఒక్కసారిగా పెరిగాయి. ఫోన్లు టింగు టింగుమంటుంటే లేత్ మిషన్ ఆపి మరీ చూసుకున్నారు. ఫిబ్రవరి నడిమికి వచ్చి చూస్తే ఆర్డర్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. "ఇంతమందికి నచ్చింది గదా, ఒక్కరూ కొనరేం?" అని మన పెద్దాయన ఒకరు అడిగారు. జవాబు ఎవరి దగ్గరా లేదు. ఏడాదంతా చేసిన పని ఆ ప్రశ్నతో మొదలైంది.

శనివారం లెక్క

పూర్వం వ్యాపారి వచ్చి సరుకు లాట్ లెక్కన పట్టుకుపోయేవాడు. కొన్నావిడ ఆ భరిణెలో కుంకుమే వేసిందో, చెవిదుద్దులే దాచుకుందో మనకు తెలిసే దారి లేదు. శిల్పారామంలో స్టాల్ పెడితే ఉన్న నాలుగు రోజులూ మనిషి మొహం కనిపిస్తుంది. చేతిలోకి తీసుకుంటారు, మూత తిప్పి చూస్తారు, ధర అడుగుతారు, పెట్టేసి వెళ్ళిపోతారు. ఎక్కడ మనసు మారిందో మనకు తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో ఆ మొహం లేదు. దాని బదులు అక్కడ ఏం దొరుకుతుందో వెతకాలని మార్చి నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం సంఘం గదిలో కూర్చున్నాం. ఒక పెద్ద నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీశాం: హార్టు ఎవరు కొట్టారు, ఏ లిస్టులో పెట్టుకున్నారు, ఏం అడిగారు, కొన్నాక ఏమన్నారు. ఇంగ్లీషు చదివి చెప్పడానికి మన సభ్యురాలి అమ్మాయి, డిగ్రీ చదువుతున్న పిల్ల, వచ్చి కూర్చునేది. టీ మాత్రం పెద్దవాళ్ళే పెట్టారు.

అన్ని చోట్లా ఒకేలా ఉండదని మొదటి వారమే తెలిసింది. చేతివృత్తులవాళ్ళ సరుకు అమ్మడానికి అమెజాన్ కారీగర్ 2016లో, ఫ్లిప్‌కార్ట్ సమర్థ్ 2019లో మొదలయ్యాయి. మనలో కొందరు వాటిలో అమ్ముతున్నారు. అక్కడ కొన్న మనిషి మనకు దాదాపు కనిపించడు. స్టార్లు, రివ్యూలు, వస్తువు గురించి అడిగిన ప్రశ్నలు, అంతే. ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగడి సంగతి వేరు. 2005లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో చేతిపని వస్తువుల కోసమే పుట్టింది కాబట్టి అక్కడ మొదటి నుంచీ సంతలో ఉన్నట్టు కొంత ముచ్చట ఉంది. వస్తువుకు హార్టు కొట్టొచ్చు, షాపును ఫాలో కావచ్చు, నచ్చినవాటిని పేరు పెట్టి లిస్టుల్లో సర్దుకోవచ్చు, కొన్నాక ఫోటోతో రివ్యూ రాయొచ్చు, చేసినవాళ్ళకు నేరుగా మెసేజ్ పెట్టొచ్చు. ఏ మాట వెతికి మన షాపుకు వచ్చారో కూడా అమ్మేవాళ్ళకు చూపిస్తుంది. అందుకని మన చదువు ఎక్కువగా ఎట్సీ షాపుల మీదే సాగింది.

భరిణెలో పాలపన్ను

హార్టు వల్ల తెలిసేది తక్కువ. ఆ వస్తువు ఏ లిస్టులో చేరిందన్నది చూస్తే మాత్రం చాలా తెలుస్తుంది. కొనేవాళ్ళు తమ లిస్టు అందరికీ కనిపించేలా ఉంచితే దాని పేరు మనమూ చూడొచ్చు. మన కుంకుమ భరిణెలను తీసుకుని వరసగా చూశాం. కొందరు పెళ్ళికి ఇచ్చే రిటర్న్ గిఫ్టుల లిస్టులో పెట్టారు. ఇది మనం ఊహించిందే. కొందరు నిశ్చితార్థం ఉంగరం పెట్టే డబ్బాల మధ్య పెట్టారు. ఒకావిడ పిల్లల పాలపళ్ళు దాచే డబ్బాల లిస్టులో పెట్టింది.

ఇది చదవగానే గదిలో అందరూ నవ్వారు. మన దగ్గర పన్ను ఊడితే పేడలో పెట్టి ఇంటికప్పు మీదకు విసురుతాం. ఆ దేశాల్లో దిండు కింద పెట్టుకుని పడుకుంటే రాత్రి దేవకన్య వచ్చి పన్ను తీసుకుని డబ్బులు పెట్టి పోతుందట. ఆ పన్ను పెట్టడానికి చిన్న డబ్బా కావాలి. భరిణెలు చేసే మన బాబాయి మాత్రం నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "పన్నుకైతే ఇంత లోతెందుకు? మూత బిగువుగా ఉండాలి, చిన్నపిల్ల వేళ్ళకు రావాలి" అన్నారు. తర్వాతి శనివారానికి బొటనవేలంత భరిణె ఒకటి చేసి తెచ్చారు. పసుపు రంగు లక్క పట్టించి, మొగలి ఆకుతో అద్దంలా మెరుగు పెట్టారు. మూత తీస్తే టప్పుమని శబ్దం వచ్చింది. ఇప్పుడు ఆయన షాపులో అన్నిటికన్నా త్వరగా అయిపోయే సరుకు అదే. అయినా దాన్ని ఆయన ఇప్పటికీ కుంకుమ భరిణె అనే అంటారు.

వెతికిన మాటల దగ్గర ఇంకో సంగతి బయటపడింది. లక్కపిడతలకు మనం ఇంగ్లీషులో చెక్క వంటసామాను బొమ్మలని పేరు పెట్టుకుని కూర్చున్నాం. వచ్చినవాళ్ళలో తమిళులు చొప్పు సామాన్ అని, మరాఠీవాళ్ళు భాతుకలీ అని టైపు చేసి వచ్చారు. వాళ్ళంతా చిన్నప్పుడు ఆడుకున్న ఆటనే వెతుక్కుంటున్నారు. తెలుగువాళ్ళయితే లక్కపిడతలన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు. ఎట్సీలో ఒక్కో వస్తువుకు 13 ట్యాగులు (వెతికేవాళ్ళకు దొరకడానికి తగిలించే మాటలు) ఇవ్వొచ్చు, ఒక్కోటి 20 అక్షరాలు దాటకూడదు. ఉన్నవాటిలో పనికిరానివి తీసేసి ఈ పేర్లన్నీ ఎక్కించాం.

వెతికిన మాటల్లోనే చన్నపట్న (కర్ణాటకలో ఇలాంటి లక్క బొమ్మలకు పేరున్న ఊరు) బొమ్మలని టైపు చేసి మన దగ్గరికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ పేరు కూడా ట్యాగుగా పెడదామని ఇద్దరు ముగ్గురు సభ్యులు గట్టిగా వాదించారు. ఏప్రిల్ సమావేశంలో దీని మీద గంటకు పైగా మాటలు నడిచాయి. చన్నపట్నకు భౌగోళిక గుర్తింపు (ఆ ఊరి సరుకుకే ఆ పేరు దక్కే హక్కు) ఉంది, మనకు 2017లో వచ్చింది. రేపు ఎవరో మిషన్ మీద చేసిన ప్లాస్టిక్ బొమ్మకు ఏటికొప్పాక అని పేరు పెడితే మనం ఊరుకుంటామా? పెట్టకూడదనే తేల్చాం. ఒప్పుకోనివాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోలేదు, ఆ సంగతీ ఇక్కడ రాస్తున్నాను.

ఫోటోలు చెప్పినవి

రివ్యూలో రాసిన మాటల కన్నా పక్కన పెట్టిన ఫోటో ఎక్కువ పనికొచ్చింది. బొమ్మను వదిలేసి దాని వెనక ఏముందో చూడమని ఇంగ్లీషు చదివి చెప్పే ఆ అమ్మాయే చెప్పింది. బొమ్మల కొలువు మెట్ల మీద ఉందా, ఆఫీసు కంప్యూటర్ పక్కన ఉందా, పసిపిల్ల నోట్లో ఉందా? గిలక్కాయలు నోట్లోనే ఉన్నాయి. రాజు, రాణి బొమ్మలు ఎక్కువగా పుస్తకాల అల్మరాలో కనిపించాయి. మన ఎడ్లబండి ఒకటి మంచు పడుతున్న కిటికీ గట్టు మీద నిలబడి ఉంది. దాన్ని చేసినాయన ఆ ఫోటో ప్రింటు తీయించి వర్క్‌షాపు గోడకు అంటించుకున్నారు.

తిట్లు కూడా వచ్చాయి. ఒక సభ్యురాలికి అయిదు స్టార్లకు రెండే ఇచ్చి, బొమ్మ అనుకున్నదానికన్నా మరీ చిన్నగా వచ్చిందని రాశారు. కొలత సెంటీమీటర్లలో రాసే ఉంది, కానీ అది చదివేదెవరు? పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీశాం. అమెరికాలో కూర్చున్న మనిషికి మన రూపాయి బిళ్ళ ఎంతుంటుందో ఎలా తెలుస్తుంది! చివరికి అరచేతిలో పెట్టి తీశాం. ఆ ఫిర్యాదు మళ్ళీ రాలేదు.

ఇంకో రివ్యూ మన పని గురించే. చలిదేశం నుంచి ఒకరు, ఎండాకాలంలో బిగువుగా ఉన్న మూత చలికాలం వచ్చేసరికి వదులైందని రాశారు. బయట మంచు, లోపల హీటరు, గాలిలో తడి ఉండదు. సరిగ్గా ఆరని కర్ర అక్కడికి వెళ్ళాక కుంచించుకుపోతుంది. గిరాకీ తొందరలో మనం ఈ మధ్య కర్రను పూర్తిగా ఆరనివ్వకుండా లేత్ ఎక్కిస్తున్నామని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు, అంతే. విదేశాలకు వెళ్ళే మూత సామాను పాత కర్రతోనే చేయాలని పెద్దలు చెప్పారు. ఎంతమంది పాటిస్తున్నారన్నది వచ్చే చలికాలం రివ్యూలు చెబుతాయి.

మెసేజుల్లో ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఒకటే: పిల్ల నోట్లో పెట్టుకుంటే ఏమీ కాదా? మొదట్లో మన జవాబు "సేఫ్ అండీ" అని ఒక్క ముక్కే. అడిగినవాళ్ళు ఆ తర్వాత మాయమయ్యేవారు. ఇప్పుడు రంగు దేనితో వచ్చిందో ఒక్కోటి చెబుతున్నాం: పసుపు పసుపుకొమ్ము నుంచి, నారింజ జాఫ్రా గింజల నుంచి, నీలం నీలిమందు నుంచి, పైపూత లక్క. తిరుగుతున్న బొమ్మ మీద లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టుకునే చిన్న వీడియో కూడా పంపుతున్నాం. ఇలా చెప్పాక మళ్ళీ మాట్లాడేవాళ్ళు పెరిగారు. అన్నం పెట్టిన ఆ సహజ రంగులను మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ శ్రమ ఇన్నేళ్ళకు మెసేజుల్లో మనకు ఇలా అక్కరకొస్తోంది. ఒక హెచ్చరిక: రెడీమేడ్ రంగు వాడిన సరుకుకు ఈ జవాబు కాపీ కొట్టొద్దు. ఒకరు కొట్టారు. పేరు రాయను.

మన తప్పులు

రెండు ఉన్నాయి. హార్టు కొట్టిన ప్రతివాళ్ళకూ "అక్కా కొనండి" అన్న ధోరణిలో మెసేజులు పెడితే ఒక మార్కెట్‌ప్లేస్ నుంచి మన సభ్యుడికి హెచ్చరిక వచ్చింది. అడగనివాళ్ళకు ప్రకటన మెసేజులు పంపకూడదన్నది నియమం. దుకాణం మూసేస్తారేమోనని ఆయన వారం రోజులు టెన్షన్‌తో నిద్రపోలేదు. రెండోది మనందరిదీ. బంధువులకు లింకులు పంపి హార్టులు కొట్టించుకున్నాం. డల్లాస్‌లో ఉన్న మేనల్లుళ్ళు, బెంగుళూరులో ఉన్న తోడికోడళ్ళు, అందరూ కొట్టారు. జూన్‌లో లెక్క తీసి అమెరికాలో గిరాకీ బాగుందని మురిసిపోయాం. తీరా చూస్తే అది మన మేనల్లుళ్ళ గిరాకీ. అప్పటి నుంచి నోటుపుస్తకంలో చుట్టాల హార్టుల మీద ఎర్ర సిరాతో అడ్డగీత కొడుతున్నాం.

ఆగస్టు దెబ్బ

అమెరికా చిన్న పార్శిళ్ళకు ఇచ్చిన సుంకం మినహాయింపు ఆగస్టు 29తో తీసేసింది. దానికి ముందే 25 నుంచి మన పోస్టాఫీసు అక్కడికి పార్శిళ్ళు తీసుకోవడం ఆపింది, మళ్ళీ అక్టోబరు 15న మొదలుపెట్టింది. దసరా అక్టోబరు 2న. కొలువు బొమ్మల సీజన్ మొత్తం ఆ మధ్యలోనే కొట్టుకుపోయింది. ప్యాకు చేసిన డబ్బాలు ఇళ్ళల్లో పేర్చుకుని కూర్చున్నాం.

శనివారం అలవాటు అప్పుడు ఆదుకుంది. డబ్బు వాపసు ఇచ్చేసి ఊరుకోకుండా, ఆర్డరు పెట్టిన ప్రతివాళ్ళకూ ఉన్న సంగతి రాసి, ఏం చేయమంటారో అడిగాం. వచ్చిన జవాబుల్లో చాలావాటికి సారాంశం ఒక్కటే: "హైదరాబాదులో మా అత్తగారింటికి పంపండి." చెన్నై, పుణె అడ్రసులూ వచ్చాయి. అత్తగారో, సెలవుకు వచ్చిన తమ్ముడో సూట్‌కేసులో పచ్చళ్ళ పక్కన పెట్టి పట్టుకెళ్తారు. మన అమెరికా గిరాకీలో ఎంత భాగం ఇక్కడి ఇళ్ళకు ముడిపడి ఉందో అప్పుడే తెలిసింది. అందుకే ఇప్పుడు లక్కపిడతల పెట్టెను సూట్‌కేసు మూలలో ఇమిడేలా పలకగా చేయిస్తున్నాం.

వచ్చే ఏడాది

శనివారం కూర్చోవడం కొనసాగుతుంది. పంట పనులున్న నెలల్లో రాత్రి ఏడింటికి మారుస్తాం. ఇంగ్లీషు చదివే అమ్మాయికి ఏప్రిల్‌లో పరీక్షలు, ఆ నెల వేరే పిల్లలెవరైనా రావాలి, ఊరికే కాదు, సంఘం నుంచి కొంత ఇస్తాం. ఎంత ఇవ్వాలో సభలో తేల్చండి. పాత కర్ర అందరూ కలిసి ఒకచోట నిల్వ పెట్టుకోవడానికి షెడ్డు ప్రతిపాదన కూడా సభ ముందుంది.

ఫోటోలకని సంఘం డబ్బుతో కొన్న ట్రైపాడ్ నవంబరు నుంచి కనిపించడం లేదు. ఎవరింట్లో ఉందో వాళ్ళు దయచేసి సభ రోజు తీసుకురండి, అడిగేవాళ్ళెవరూ లేరు.

కార్యదర్శి