ఎర్ర పెట్టను సంతకు పంపవద్దు

ఆక్లండ్, న్యూజిలాండ్,
అక్టోబరు 12.

అమ్మకు నమస్కారాలు. నేను ఇక్కడ క్షేమం.

నిన్న ఫోనులో నువ్వు ఎర్ర పెట్ట సంగతి చెప్పినప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది. గోదావరి నీరు లంకలోకి వస్తుందని గంపతో సహా దానిని అటక మీదికి చేర్చడం మంచి పనే. 21 రోజులూ దాటినా గుడ్లన్నీ మురిగిపోయి ఒక్క పిల్లనూ చూడలేకపోయిన ఆ పెట్టను, కిందికి దింపగానే తోటివే తరిమి పొడిచాయని, ఇక మందలో ఇమడదని సంతకు పంపవద్దు.

ఇక్కడ నేను పెంచుకుంటున్న ఐదు పెట్టల్లో ఒకటి నిరుడు ఇలాగే పొదుగుకు కూర్చుంది. మూడు వారాల తరువాత దానిని మిట్టమధ్యాహ్నం నేరుగా మిగతావాటి మధ్య వదిలాను. చూస్తుండగానే జుట్టంతా నెత్తురైంది. ఆ తొందరపాటు నాది, దెబ్బ దానికి తగిలింది. కోళ్లలో ఎవరు ముందు తినాలో, ఎవరు ఎవరికి దారి వదలాలో ఒక వరుస ఉంటుందని నార్వే దేశస్థుడు షెల్డెరుప్-ఎబ్బే 1921లోనే వివరించాడు. కొన్ని వారాలు కనబడని పెట్టకు ఆ వరుసలో చోటు పోతుంది. పైగా రోజుకొకసారి కాసేపు మాత్రమే లేచి తిన్నది కనుక, బక్కచిక్కి, జుట్టు పాలిపోయి వచ్చిన దానిని మిగతావి కొత్త కోడిగానే చూస్తాయి. పిల్లలు వెంట ఉంటే అది ఎవరినైనా ఎదిరించేది.

ముందు ఒక వారం నూకలు, తడిపిన తవుడు వేరుగా పెట్టి ఒళ్లు చేయనివ్వు. పొదుగులో మట్టిలో పొర్లే వీలు లేక రెక్కల కింద పేలు పడి ఉంటాయి. పొడి మట్టిలో పొయ్యి బూడిద కలిపి ఒక మూల పోస్తే అదే పొర్లుతుంది. అయితే అటక మీద దాచవద్దు. రొయ్యల చెరువు మీద నుంచి తీసేసిన పాత వల పశువుల పాకలో ఉంది కదా, దానిని గూటి పక్కనే కట్టి లోపల ఉంచితే, పోటు అందకుండానే అవన్నీ ఒకదానినొకటి రోజూ చూసుకుంటాయి.

వల దగ్గరికి వచ్చినా మిగతావి దానిని పట్టించుకోవడం మానేశాక, ఒక రాత్రి తమ్ముడి చేత గూట్లో పెట్టించు. చీకట్లో కోళ్లకు చూపు ఆనదు కనుక గొడవపడవు. అసలు జాగ్రత్త తెల్లవారుజామున కావాలి. ఇరుకు గూట్లో పోట్లాట మొదలవక ముందే, నువ్వు పాలు పితకడానికి లేచే వేళకే తలుపు తీసి, నూకలు నాలుగు చోట్ల చల్లు. నల్ల పెట్ట ఎంత పెత్తందారైనా నాలుగింటికీ కాపలా కాయలేదు. గోడకు కొబ్బరి మట్టలు ఆనిస్తే తరిమినప్పుడు ఎర్రది వాటి వెనక్కి దూరుతుంది. ఒకటి రెండు పోట్లు పడినా అడ్డం వెళ్లవద్దు, వరుస అవే తేల్చుకోవాలి. నెత్తురు కనబడితే మాత్రం వెంటనే ఎత్తుకో, ఎరుపు చూసి మిగతావీ అక్కడే పొడుస్తాయి. పసుపు రాసి మళ్లీ వలలో ఉంచు.

నా పెట్ట రెండోసారి ఇలాగే కలిసింది. కొన్ని వారాలకు గుడ్డుకు కూడా వచ్చింది.

తలుపు తీసిన ఆ ఉదయమే నాకు ఫోను చెయ్యి. అక్కడ ఆరు గంటలైతే ఇక్కడ ఒంటిగంటన్నర, నేను భోజనం దగ్గరే ఉంటాను.

ఇట్లు,
నీ కూతురు