మామా, పదమూడో పిక్ ఇచ్చేద్దామా?

ఎడిసన్,
ఏప్రిల్ 9, 2023

ఒరేయ్ మామా,

ముందు కడుపారా తిట్టేసుకో, తర్వాత చదువు. "రాస్తా, రాస్తా" అని నవ్వు బొమ్మలు పంపి ఊరుకున్నాను, నిజమే. మార్చి అంతా ఆఫీసులో రిలీజు, ఇంట్లో జ్వరాలు. అమ్మ మోకాలి ఆపరేషన్ బాగానే అయింది, కర్ర పట్టుకుని మెట్లెక్కుతోంది. చిన్నదానికి ముందు పన్ను ఊడింది. మా ఆవిడ నిన్ను అడిగానని చెప్పమంది. ఆ జాడీ సంగతి ఇంకా మర్చిపోలేదు, జాగ్రత్త. వార్తలు సమాప్తం. ఇక అసలు సంగతి: మన న్యూయార్క్ జెట్స్ (అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు) గ్రీన్ బే జట్టు నుంచి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ఆరన్ రాడ్జర్స్‌ని తెచ్చుకోవాలా, తెచ్చుకుంటే ఏమివ్వాలి అని. ఇక్కడ ఎవరికి చెప్పినా ఏదో ఒక పక్షం వాడే దొరుకుతున్నాడు, అందుకని నీకు రాస్తున్నా.

ఉగాది బుధవారం పడింది కదా, పెద్దాయన ఇంట్లో భోజనాలు ఆదివారానికి జరిపారు. డెన్వర్ నుంచి అల్లుడుగారు కూడా దిగారు. పచ్చడి అయింది, పంచాంగ శ్రవణం మొదలైంది. శోభకృత్ సంవత్సరం, ఆదాయ వ్యయాలు, రాజపూజ్యం అవమానం, అందరి రాశులూ అయ్యాక వెనక వరసలోంచి ఎవరో "ఆరన్ రాడ్జర్స్ ది కూడా చూడండి బాబాయ్, ఈ ఏడు జెట్స్‌కి వస్తాడేమో" అన్నారు. నేను కాదు. నువ్వు నమ్మవని తెలుసు. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, చాలా గంభీరంగా "పుట్టిన తేదీ?" అన్నారు. 1983 డిసెంబరు 2, కాలిఫోర్నియాలో చీకో అనే ఊళ్ళో అని టకటకా చెప్పింది మాత్రం నేనే. "టైము?" అన్నారు. అది నాకెలా తెలుస్తుంది? టైము లేకపోతే నక్షత్రం తేలదని పుస్తకం మూసేసి, "ఏ నక్షత్రమైనా సరే, వాడు మనకొద్దు" అన్నారు.

అక్కడ రాజుకుంది.

నువ్వు వైజాగ్‌లో ఎంతవరకు చూస్తున్నావో ఏమో. ఫిబ్రవరిలో ఆయనగారు ఆరెగాన్ వెళ్ళి నాలుగు రోజులు చీకటి గదిలో కూర్చుని వచ్చాడు. మార్చి 15న ఒక షోలో "జెట్స్‌కే ఆడాలనుకుంటున్నా" అని ప్రకటించాడు. గ్రీన్ బే వాళ్ళకీ మనవాళ్ళకీ బేరం మాత్రం ఇప్పటికీ తెగలేదు. లగ్నపత్రిక రాసేసుకుని పీటల మీద కట్నం మాట్లాడుకుంటున్నట్టుంది. వాళ్ళు ఫస్ట్ రౌండ్ పిక్, అంటే డ్రాఫ్ట్‌లో జట్లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునేటప్పుడు మన మొదటి వంతు, కావాలంటున్నారట. మనది ఈసారి పదమూడోది. డ్రాఫ్ట్ ఈ నెల 27న.

పెద్దాయనది ఒకటే మాట: 2008. గ్రీన్ బే నుంచే, దాదాపు ఇదే వయసులో క్వార్టర్‌బ్యాక్ ఫార్వ్‌ని తెచ్చుకున్నాం. పాత జెయింట్స్ స్టేడియంలో టికెట్టు కొనుక్కుని మరీ చూశారు కదా ఆయన. మొదట పదకొండు మ్యాచ్‌ల్లో ఎనిమిది గెలిచి ఊరంతా ఊగిపోయింది. తర్వాత అయిదింట్లో నాలుగు పోయాయి, భుజం దెబ్బతిన్నది తర్వాత బయటపడింది. అతని కోసం మనం వదిలేసిన పాత క్వార్టర్‌బ్యాక్ పెనింగ్టన్ మయామీకి వెళ్ళి, ఆఖరి మ్యాచ్‌లో మన మైదానంలోనే మనల్ని 24-17తో కొట్టి, మన డివిజన్ (నాలుగు జట్ల గుంపు) టైటిల్ పట్టుకుపోయాడు. "ముసలి ఏనుగుని కొన్నందుకు కాదు అబ్బాయ్ నా బాధ, దానికోసం గుమ్మం విరగ్గొట్టుకున్నాం" అన్నారు. నేను నోరు తెరిచేలోపు అల్లుడుగారు అందుకున్నారు.

ఆయన కథ ఇంకా ఘోరం. గుర్తుందిగా, పోయిన ఏడాది డెన్వర్ వాళ్ళు క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ కోసం రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు, ఇంకో పిక్, ముగ్గురు ఆటగాళ్ళని సియాటిల్ చేతిలో పెట్టారు. దక్కింది? 5-12, అయిదు గెలుపులు, పన్నెండు ఓటములు. "మా కోచ్ హాకెట్‌ని సీజన్ అవకముందే పంపించేశాం. ఇప్పుడాయన ఎక్కడున్నాడండీ?" అని చాలా మర్యాదగా అడిగారు. హాలంతా నిశ్శబ్దం. హాకెట్ ఉన్నది మన దగ్గరే కదరా, జనవరిలో అఫెన్స్ (పాయింట్లు సాధించే ఆట) అప్పగించారు! మామా అల్లుళ్ళు ఒక మాట మీద ఉండటం ఆ ఇంట్లో ఎప్పుడైనా చూశావా నువ్వు? నేను నీ కోసం చుట్టూ వెతికాను. నువ్వుంటే ఆ "వంకాయ" మాట ఒక్కటి అనేవాడివి, సభ మనదయ్యేది.

ఒంటరిగానే లేచాను. హాకెట్ హెడ్ కోచ్‌గా పనికిరాలేదు, ఒప్పుకుంటా. గ్రీన్ బేలో అతను అఫెన్స్ చూసిన మూడేళ్ళలోనే రాడ్జర్స్ 2020లో, 2021లో వరసగా ఎంవీపీ (లీగులో ఉత్తమ ఆటగాడు) అయ్యాడన్నాను. ఇక మనవాళ్ళ ఆఖరి మూడు మ్యాచ్‌ల స్కోర్లు అడిగాను: 3, 6, 6. మూడు మ్యాచ్‌లకీ కలిపి పదిహేను పాయింట్లు, ఒక్క టచ్‌డౌన్ (బంతిని అవతలి గీత దాటించడం) లేదు! డిఫెన్స్ (అడ్డుకునే ఆట) చూస్తే లీగులో నాలుగోది. సాస్ గార్డ్‌నర్, గారెట్ విల్సన్ ఇద్దరూ కొత్త కుర్రాళ్ళ అవార్డులు రెండూ మనకే తెచ్చారు. వాళ్ళు చవక కాంట్రాక్టుల్లో ఉండేది ఇంకో రెండేళ్ళు గట్టిగా. ఆ తర్వాత అందరికీ కోట్లు పొయ్యాలి, క్యాప్‌లో (జట్టు జీతాల పరిమితి) జాగా ఉండదు. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? ఇంకో క్వార్టర్‌బ్యాక్ డెరెక్ కార్ వచ్చి, చూసి, న్యూ ఆర్లీన్స్‌లో సంతకం పెట్టేశాడు. ఇక మిగిలింది మన కుర్ర క్వార్టర్‌బ్యాక్ జాక్. రెండో పిక్‌తో తెచ్చుకున్న జాక్.

డెట్రాయిట్ లయన్స్‌తో ఓడిన ఆ మ్యాచ్ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చలిలో కాళ్ళు మొద్దుబారి, థర్మాస్‌లో టీ అయిపోయి, వాళ్ళకి నాలుగో డౌన్ (ఆఖరి ప్రయత్నం), కావలసింది అంగుళాలు, రెండు నిమిషాలు కూడా లేవు. వాళ్ళ టైట్ ఎండ్ (బంతి అందుకునే ఆటగాడు) 51 గజాలు ఒంటరిగా పరిగెత్తాడు. నువ్వేమీ మాట్లాడకుండా కార్ పార్కింగ్ దాకా నడిచావు. జనవరిలో విమానం ఎక్కే ముందు కూడా ఎయిర్‌పోర్ట్‌లో "ఆ అంగుళం" అని... సరే, వదిలేయ్.

ఇంకా ఉంది. రాడ్జర్స్‌కి పోయిన ఏడు లండన్‌లో బొటనవేలు విరిగింది, అలాగే ఆడాడు, 26 టచ్‌డౌన్‌లకి 12 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్ళు పట్టేసుకున్న బంతులు), అతని లెక్కలో అది పాడు సంవత్సరం. మనకి అది కూడా పండగే అన్నాను. అల్లుడుగారు నవ్వారు గానీ కదల్లేదు. లాస్ ఏంజిలిస్ రామ్స్ సంగతి తీశాను: క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్ కోసం రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఒక థర్డ్, పైగా తమ క్వార్టర్‌బ్యాక్ గాఫ్‌ని ఇచ్చారు. మొదటి ఏడాదే సూపర్ బౌల్ (లీగు ఫైనల్) గెలిచారు. "రెండో ఏడాది 5-12" అన్నారాయన. "ఇవ్వండి, కళ్ళకద్దుకుని తీసుకుంటా" అన్నాను. పన్నెండు సీజన్లుగా ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లు) గుమ్మం తొక్కని వాళ్ళం, 1969 జనవరిలో నేమత్ గెలిచిన కప్పు తప్ప ఇంకోటి లేని వాళ్ళం, మనకి ఆ మాత్రం బేరం చేదా?

అప్పుడు వంటింట్లోంచి పులిహోర గిన్నెతో వచ్చిన పిన్నిగారు అడిగారు చూడు: "ఇంతకీ ఆ అబ్బాయికి ఆడాలని ఉందా లేదా, అది కనుక్కున్నారా?"

ఆవిడ ఒక్క మాటతో అందరి వాదనా పక్కకి పోయింది. చీకటి గదిలోకి వెళ్ళేటప్పుడు తొంభై శాతం రిటైర్ అయిపోదామనే అనుకున్నానని అతనే చెప్పాడు కదరా. ఈ ఒక్క ఏడాదికే దాదాపు ఆరు కోట్ల డాలర్లు. ఒక సీజన్ ఆడి "ఇక చాలు" అనేస్తే? అప్పటినుంచి నేను ఆలోచిస్తున్నదీ ఇదే. రావాలి, అందులో నాకు అనుమానం లేదు. పదమూడు మాత్రం ఇవ్వకూడదు. ఈ ఏడాది రెండో రౌండ్‌లో మనకి పక్కపక్కనే రెండున్నాయి, 42, 43. అందులో ఒకటి ఇచ్చెయ్. మిగతాది వచ్చే ఏడాది పిక్, అదీ అతను ఆడిన ఆటని బట్టి పెరిగేది. పెద్దాయనతో ఈ మాటే అంటే "ఫార్వ్‌కీ అలాగే రాసుకున్నాం. ఆడాడు, పిక్ నాలుగో రౌండ్ నుంచి మూడో రౌండ్‌కి పెరిగింది, అయినా ఏం బావుకున్నాం? పోయింది పిక్ కాదు, పెనింగ్టన్" అన్నారు. నిజమే. కానీ ఇప్పుడు మనం పోగొట్టుకోవడానికి పెనింగ్టన్ ఎవడున్నాడు బాబాయ్, జాకా? అన్నాను. మొదటిసారి పెద్దాయన కూడా నవ్వారు. చేతులెత్తి ఓటు పెడితే పిల్లల్ని కలుపుకుని నేను గెలిచాను. పిల్లల ఓట్లు చెల్లవని అల్లుడుగారు ఇంకా వాట్సాప్‌లో గొడవ పడుతున్నారు.

గ్రీన్ బే వాళ్ళు బిగుసుకుంటే మాత్రం... వాళ్ళకీ తొందరే, వాళ్ళ కుర్ర క్వార్టర్‌బ్యాక్ లవ్‌ని మూడేళ్ళుగా బెంచీ మీద కూర్చోబెట్టారు, ఈయన జీతం నెత్తిన పెట్టుకోలేరు. ముందు ఎవరు కన్నార్పుతారో చూడాలి. నీ అంచనా ఏమిటో రాయి. పదమూడు ఇచ్చేయమనే అంటావని నా అనుమానం, నువ్వెప్పుడూ మొత్తం పెట్టేసే రకం, ఆ పేకాట రాత్రి

అయ్యో, చిన్నదాని కూచిపూడి క్లాసు అయిపోయింది, మెట్ల మీద నిలబడి ఉంటుంది. పంపించేస్తున్నా. జాడీ తిరిగి పంపు.

నీ
3బి