ఎకో గదిలో ఆ నలభై నిమిషాలకు కృతజ్ఞతలు

అమ్మని ఈ సాయంత్రం ఐసీయూ నుంచి వార్డుకి మార్చారు. గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్యుండే మైట్రల్ వాల్వు లీకవుతుంటే రిపేరు చేసి రింగు వేశారు. మూడు రాత్రులుగా నిద్ర లేదు, అయినా ఇది రాయకుండా పడుకోలేను.

తమ్ముడు, మరదలు, మా ఆయన అందరూ వెంటే ఉన్నారు. వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది మలక్‌పేట వైపు ఓ చిన్న సెంటర్లో ఎకో (గుండెకి తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) తీసిన అమ్మాయికి. పేరు రాయొద్దంది.

అంతకు ముందు వేరేచోట తీసిన రిపోర్టులో ‘మైల్డ్ ఎంఆర్, ఈఎఫ్ 65%, నార్మల్’ అని ఒక్క ముక్క. ఎంఆర్ అంటే ఆ వాల్వు లీకు, ఈఎఫ్ అంటే గుండె ఒక్కో దెబ్బకి నెట్టే రక్తం శాతం. అమ్మకి మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. ఆ అమ్మాయి రిపోర్టు పక్కన పెట్టి, జెల్ బాటిల్‌ని అరచేతుల మధ్య రుద్ది వెచ్చచేసి, అమ్మని ఎడమపక్కకి తిప్పి వీపు వెనక దిండు పెట్టింది. “అమ్మా, గాలి వదిలి ఒక్క క్షణం ఆగండి” అని ప్రతిసారీ నెమ్మదిగానే చెప్పింది. ముందు బీపీ చూసి రాసుకుంది. బీపీ తక్కువున్నప్పుడు లీకూ తక్కువగానే కనిపిస్తుంది, ఈ సంగతి చాలామంది వదిలేస్తారు.

గుండెలోకి సన్నటి గొట్టాలు పంపి పరీక్షలు చేసే క్యాథ్‌ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి తను చేసిందేమిటో నాకు తెలుసు. వాల్వు వెనక రెక్కని పట్టి ఉంచే తాడు తెగింది. అందుకని రక్తం ఎడమ కర్ణిక (ఎడమవైపు పై గది) మధ్యలోకి రాకుండా ముందువైపు గోడకి అంటుకుని పాకుతోంది. గోడని పట్టుకున్న ధార, ఎకో తెరమీద రక్తప్రవాహాన్ని చూపే రంగుల్లో సన్నగా కనిపిస్తుంది. రంగు ఎంత పరుచుకుందో చూసి మైల్డ్ అనేస్తే దెబ్బతినేది ఇక్కడే. కలర్ స్కేలు (ఆ రంగులకి పెట్టే వేగం హద్దు) ఎక్కువలో ఉంటే ఇంకా చిన్నగా కనబడుతుంది, సెకనుకి 50–60 సెంటీమీటర్లలో పెట్టాలి.

తను ఆ రంగుని నమ్మలేదు. పారాస్టెర్నల్ వ్యూలో (రొమ్ము ఎముక పక్కనుంచి చూస్తూ) జూమ్ చేసి ధార మెడ దగ్గర వీనా కాంట్రాక్టా, అంటే ధార అతి సన్నగా ఉన్నచోట వెడల్పు కొలిచింది, 8 మిల్లీమీటర్లు. 3 లోపైతే మైల్డ్, 7 దాటితే సివియర్. తర్వాత రక్తం వేగం కొలిచే కంటిన్యువస్ వేవ్ డాప్లర్ పెట్టి, లీకు సిస్టోలీ (గుండె ముడుచుకునే సమయం) మొదటినుంచి చివరిదాకా ఉందని చూసుకుంది. ప్రొలాప్స్‌లో (వాల్వు రెక్క వెనక్కి పొంగితే) కొందరికి చివర్లోనే కారుతుంది, అప్పుడు ఒక్క ఫ్రేములో పీసా (రంధ్రం ముందు రక్తం చేరే అర్ధగోళాన్ని బట్టి లీకు లెక్కకట్టే పద్ధతి) కొలిస్తే లేని తీవ్రత వచ్చిపడుతుంది. అది తేల్చుకున్నాకే కలర్ స్కేలులో సున్నా గీతని (బేస్‌లైన్) ధార పోయేవైపుకి జరిపి, హద్దుని సెకనుకి 40 సెంటీమీటర్లకి దించింది. అర్ధగోళం వ్యాసార్ధం 1 సెంటీమీటరు వచ్చింది. లీకు వేగం సెకనుకి 5 మీటర్లు, స్కేలు 40 అయితే వ్యాసార్ధం వర్గంలో సగమే రంధ్రం, అంటే 0.5 చదరపు సెంటీమీటర్లు. వీటీఐ (ఒక్క దెబ్బలో ధార పోయే దూరం) 140 సెంటీమీటర్లతో గుణిస్తే గుండె కొట్టుకున్న ప్రతిసారీ 70 మిల్లీలీటర్లు వెనక్కి. రంధ్రం 0.4, లీకు 60 దాటితేనే సివియర్. అక్కడితో ఆగలేదు, ఊపిరితిత్తుల సిరలో సిస్టోలీలో రక్తం వెనక్కి తన్నడం కూడా చూపించింది.

“ఈఎఫ్ 62 వచ్చింది, దాన్ని చూసి ధైర్యపడొద్దక్కా” అంది. నిజమే. వెనక్కి కారే రక్తం కూడా ఆ లెక్కలో కలుస్తుంది. ఈ జబ్బులో ఈఎఫ్ 60కి దిగినా చాలు, కండరం దెబ్బతింటోందని అర్థం, గుండె ముడుచుకున్నప్పుడు ఎడమ కింది గది వెడల్పు 40 మిల్లీమీటర్లున్నా అంతే. అమ్మది 41. ఇన్నాళ్లూ గట్టిగా ఉన్న నాకు ఆ ‘అక్కా’ దగ్గరే కన్నీళ్లాగలేదు.

కోపమూ ఉంది. మనిషికి అయిదు నిమిషాలిచ్చి లైను నడిపిస్తే ఎవరైనా రంగు చూసే రాస్తారు. తప్పు ఆ టెక్నీషియన్‌ది కాదు. కానీ బీపీ లేకుండా, కొలతలు లేకుండా ఆ ‘మైల్డ్’ అనే ముక్కకి సంతకం ఎలా పెడతారు? వీడియో క్లిప్పులు అడిగితే ఇవ్వలేదు. దయచేసి మీరు అడిగి తీసుకోండి, రిపోర్టులో అంకెలున్నాయో లేదో చూసుకోండి.

టీఈఈ (గొంతులోంచి గొట్టం దించి తీసే ఎకో) చేసి మళ్లీ అన్నీ సరిచూసిన డాక్టరుగారికి, సర్జన్‌గారికి, రక్తమిచ్చిన నలుగురు కుర్రాళ్లకి వందనాలు. అయ్యో, రాత్రి డ్యూటీ సిస్టర్‌ని మర్చిపోయాను. రెండు గంటలకి అమ్మ దగ్గుతుంటే, కుట్లు నొప్పెట్టకుండా దిండు ఛాతీకి హత్తుకుని దగ్గమని నేర్పింది ఆవిడే. వాన పడుతుంటే వీల్‌చైర్ మీద గొడుగు పట్టిన ఆటో అన్నకి కూడా. డబ్బులు కూడా సరిగా తీసుకోలేదు ఆయన.