టీటీడీ ఈఓ గారికి: ఇన్సులిన్ పంప్‌తో దర్శనానికి వచ్చే పిల్లల గురించి

అయ్యా,

మా అమ్మాయికి టైప్ 1 డయాబెటిస్, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కాని షుగర్ జబ్బు. ఇన్సులిన్‌ను కొద్దికొద్దిగా ఒంట్లోకి పంపే చిన్న పంప్ నడుముకు ఎప్పుడూ ఉంటుంది. దాని సన్నని ట్యూబు చివర, చర్మం కిందికి వెళ్లే మెత్తని గొట్టాన్ని రెండు మూడు రోజులకోసారి మారుస్తాం. ఆ పంప్ గంటకు 0.05 యూనిట్ ఇన్సులిన్ కూడా ఇవ్వగలదు. అంటే మిల్లీలీటరులో రెండు వేలో వంతు! సిరంజితో మన చేతులకు సాధ్యమయ్యే పని కాదది.

చూడ్డానికి పాత పేజర్‌లా ఉంటుంది కాబట్టి, ఫోన్ అనుకుని తీసేయమనే అవకాశం ఉంది. అదే నా టెన్షన్. పంప్‌లో ఉండేది త్వరగా పనిచేసి త్వరగా అయిపోయే ఇన్సులిన్ మాత్రమే. కాసేపు తీస్తే ఫర్వాలేదు. గంటల తరబడి తీసేస్తే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికొస్తుంది. వైకుంఠం కాంప్లెక్స్‌లో ఎన్ని గంటలు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

చాలా పంపులను ఎక్స్‌రే స్కానర్‌లో పెట్టొద్దని తయారీ కంపెనీలే చెబుతాయి. అలిపిరి దగ్గర చేత్తో తనిఖీ చేయించండి. డాక్టర్ చీటీ చూపిస్తే పంపునూ, షుగర్ చూసే రీడర్‌నూ, గ్లూకోజ్‌నూ మహాద్వారం దాటాక కూడా వెంట ఉంచుకోనివ్వండి. ఈ మాట ప్రతి షిఫ్టు సిబ్బందికీ రాతపూర్వకంగా చేరాలి. బ్రహ్మోత్సవాల రద్దీకి ముందే ఉత్తర్వు ఇప్పించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి, తిరుపతి